ఫోన్ పోయిన మొదటి గంట

సాయంత్రం షిఫ్టు ముగిసింది. టెల్కో వైపు నుంచి వచ్చిన షేర్ ఆటో గోవింద్‌పూర్ అన్నా చౌక్‌లో ఆగింది. నలుగురు కూర్చోవలసిన చోట ఆరుగురి మధ్య ఇరుక్కుని వచ్చిన మనిషి దిగి, డబ్బులిచ్చి, జేబు తడుముకున్నాడు. ఫోన్ లేదు. పై జేబు, ప్యాంటు జేబులు, టిఫిన్ సంచి, మళ్లీ పై జేబు. పక్కనున్న పాన్ దుకాణం యజమానిని బతిమాలి తన నంబరుకు ఫోన్ చేయించాడు. రెండుసార్లు మోగింది. మూడోసారి స్విచాఫ్.

జంషెడ్‌పూర్ శివార్లలోని ఈ పారిశ్రామిక వాడలోనే కాదు, సికింద్రాబాద్ స్టేషన్‌లోనైనా, విజయవాడ బస్టాండులోనైనా ఇదే కథ. ఆ తర్వాత జరిగేది కూడా దాదాపు ఒకటే. బాధితుడు ఆటో స్టాండుకు వెళ్లి వాకబు చేస్తాడు. ఇంటికెళ్లి ఇంట్లోవాళ్ల చేత చీవాట్లు తింటాడు. రాత్రంతా మథనపడి, పొద్దున్నే పోలీస్ స్టేషన్ సంగతి ఆలోచిస్తాడు. ఈలోగా పన్నెండు గంటలు గడిచిపోతాయి. పోయిన ఫోన్ ఖరీదు పదిహేను వేలు కావచ్చు. ఆ పన్నెండు గంటల ఖరీదు అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు.

గోవింద్‌పూర్ పక్కనే ఒకప్పుడు టెల్కోగా పేరుపడ్డ టాటా మోటార్స్ కర్మాగారం ఉంది. ఉక్కు నగరానికి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పని కోసం వలస వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఇప్పుడు ఆ ఇళ్లలో చాలా చోట్ల రిటైరైన తండ్రి ఇక్కడ, ఉద్యోగం చేస్తున్న కొడుకు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో. పింఛను మెసేజ్, గ్యాస్ ఓటీపీ, ఊరికి వెళ్లే రైలు టికెట్ అన్నీ ఆ చిన్న తెరలోకే చేరాయి. ఫోన్ పోయిన రోజు అలాంటి ఇంట్లో తండ్రీకొడుకుల మాటలు ఎలా సాగుతాయో ఊహించడం కష్టం కాదు.

"నాన్నా, ముందు బ్యాంకుకి చెప్పావా?"

"బ్యాంకులో ఏటి పోనాదిరా? పోనాది ఫోను కదా!"

చిక్కంతా ఈ జవాబులోనే ఉంది. ఫోన్ అనేది ఇప్పుడు ఒక వస్తువు కాదు. అది బ్యాంకు పాస్‌బుక్కు, సంతకం, గుర్తింపు కార్డు కలిసిన తాళంచెవుల గుత్తి. తాళంచెవులు పోయినప్పుడు తెలివైనవాడు ముందు తాళాలు మారుస్తాడు. గుత్తిని తర్వాత వెతుక్కుంటాడు.

దొంగ చేతికి చిక్కేది ఏమిటి?

చాలామంది ధీమా ఒకటే: "నా ఫోన్‌కు లాక్ ఉంది." లాక్ ఉన్న మాట నిజం. నేటి ఫోన్ల లాక్ మామూలు దొంగ విప్పలేని మాట కూడా నిజమే. కానీ సిమ్ కార్డుకు ఆ లాక్ వర్తించదు. చిన్న పిన్నుతో ట్రే బయటికి లాగి, సిమ్‌ను మరో ఫోన్‌లో వేస్తే చాలు. మీకు రావలసిన కాల్స్, ఓటీపీలు అతనికి వస్తాయి.

ఒక్క ఓటీపీతో ఖాతా ఖాళీ కాదు. యూపీఐ పిన్ మార్చాలంటే డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ కావాలి. లేదా ఆధార్ నంబరులో కొంత భాగం, దానికి వచ్చే ఓటీపీ కావాలి. అయితే మన అలవాట్లు ఇక్కడే దొంగకు అక్కరకొస్తాయి. పర్సులా తెరుచుకునే ఫోన్ కవర్‌లో ఏటీఎం కార్డు ఒక అరలో, మడతపెట్టిన ఆధార్ జిరాక్స్ మరో అరలో. పెద్దవాళ్ల ఫోన్లలో ఇది మామూలే. కార్డు వెనుక పెన్నుతో రాసిన నాలుగంకెల పిన్ కూడా కొందరి దగ్గర కనిపిస్తుంది. సిమ్, కార్డు, ఆధార్ మూడూ ఒకే జేబులోంచి పోతే ఇంటి చిరునామా రాసి మరీ తాళంచెవి ఇచ్చినట్టే.

యూపీఐ లైట్ సంగతి వేరు. అందులో చిన్న చెల్లింపులకు పిన్ అడగదు. ఒక్కో చెల్లింపుకు పరిమితి 1,000 రూపాయలు, అందులో ఉంచగలిగేది 5,000 వరకు అని 2024లో పెంచారు. ఫోన్ తెరిచి ఉండగా లాక్కుపోతే ఆ మొత్తం పోయినట్టే లెక్క. లాక్కుపోయే దొంగలు ఫోన్‌లో మాట్లాడుతున్నవాళ్లను ఎంచుకోవడంలో మతలబు అదే. అప్పుడు తెర తెరిచే ఉంటుంది.

మొదటి గంటలో చేయవలసినవి

మొదటి ఫోన్ బ్యాంకుకు. ఎవరి ఫోన్ దొరికితే ఆ ఫోన్ నుంచే చేయవచ్చు. యూపీఐ, మొబైల్ బ్యాంకింగ్, డెబిట్ కార్డు మూడింటినీ నిలిపివేయమని విడివిడిగా అడగాలి. కార్డు ఒక్కటే ఆపి, "అయిపోయింది సార్" అనే సందర్భాలుంటాయి. ఫిర్యాదు నంబరు, చేసిన సమయం కాగితం మీద రాసుకోవాలి. రేపు వాదన వస్తే ఆ సమయమే మీకు సాక్షి.

ఎందుకంటే డబ్బు పోయినప్పుడు నష్టం ఎవరిదో తేల్చేది గడియారమే. రిజర్వ్ బ్యాంక్ 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఖాతాదారు తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మూడో వ్యక్తి మోసం వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేసిన ఖాతాదారుకు నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు రోజులైతే కొంత భారం మోయాలి. పిన్ రాసిపెట్టుకోవడం వంటి నిర్లక్ష్యం ఖాతాదారుదే అయితే, ఫిర్యాదు చేసేదాకా పోయింది అతని ఖాతాలోకే. ఫిర్యాదు చేసిన తర్వాత పోయేది మాత్రం బ్యాంకు భరించాలి. తప్పు ఖాతాదారుదేనని రుజువు చేయవలసిన బాధ్యత కూడా బ్యాంకు మీదే పెట్టింది ఆ ఆదేశం. కనుక తప్పు చేసినవాడు కూడా, నిజానికి తప్పు చేసినవాడే ముందుగా, త్వరపడాలి. డబ్బు అప్పటికే కదిలిందని తెలిస్తే 1930కి ఫోన్ చేయాలి. సైబర్ ఆర్థిక నేరాలకు దేశమంతటికీ ఉన్న హెల్ప్‌లైన్ అది. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారుతూ పోయే దారిలో ఎక్కడో ఒకచోట దాన్ని నిలపడానికి ప్రయత్నిస్తారు. ఆలస్యమైన కొద్దీ ఆ దారి పొడుగవుతుంది.

రెండో ఫోన్ సిమ్ కంపెనీ కస్టమర్ కేర్‌కు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, చివరి రీచార్జి వంటి వివరాలు అడుగుతారు. ఇక్కడొక పాత చిక్కు ఎదురవుతుంది. తండ్రి వాడుతున్న సిమ్ కొడుకు పేరున ఉంటుంది, లేదా ఎప్పుడో బావమరిది కొనిచ్చినది. డూప్లికేట్ సిమ్ ఎవరి పేరున ఉందో వాళ్లకే ఇస్తారు. ఆ మనిషి పన్నెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటే పని అక్కడే ఆగిపోతుంది. ఫోన్ జేబులో ఉన్నప్పుడే సరిచేసుకోవలసిన విషయమిది.

ఈ రెండు పనుల మధ్య, చేతికి మరో స్మార్ట్‌ఫోన్ అందితే ఐదు నిమిషాల పని ఇంకొకటి ఉంది. ఆండ్రాయిడ్ అయితే గూగుల్ ఫైండ్ హబ్, ఐఫోన్ అయితే ఫైండ్ మై తెరిచి, పోయిన ఫోన్‌కు తాళం వేయాలి. ఫోన్‌కు ఇంటర్నెట్ అందుతున్నంతసేపే ఆదేశం త్వరగా చేరుతుంది కాబట్టి సిమ్ ఆపకముందే ఇది చేయగలిగితే మేలు. కానీ పాస్‌వర్డ్ గుర్తు రాక అరగంట కూర్చోవడం కన్నా సిమ్ ఆపేయడమే తెలివి. పోయిన ఫోన్‌కే ధ్రువీకరణ సందేశం పంపి "అందులో చూసి సరే అనండి" అనే తమాషా కూడా జరుగుతుంది. అందుకే ఫోన్ నంబరు ఒక్కటి ఇస్తే తాళం వేసే సదుపాయాన్ని గూగుల్ 2024లో తెచ్చింది. ముందుగా సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకున్నవారికే అది పనికొస్తుంది. ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసే మీట కూడా అక్కడే కనిపిస్తుంది. దాన్ని చివరికి ఉంచుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఒకసారి చెరిపేస్తే మరి దాని జాడ చూపించదు.

మ్యాప్‌లో చుక్క కనిపించగానే నలుగురిని వెంటేసుకుని అక్కడికి పరుగెత్తకూడదు. ఆ చుక్క ఏ ఇల్లో, ఏ అంతస్తో చెప్పదు. ఆ తలుపు వెనుక ఎవరున్నారో అసలే చెప్పదు. దాన్ని ఫొటో తీసి పోలీసులకు ఇవ్వాలి. 2024 క్రిస్మస్ ముందు రోజు లండన్‌లో ఒక బాధితురాలి ఐఫోన్ జాడ హీత్రూ విమానాశ్రయం దగ్గర గోదాములో కనిపించింది. అక్కడి పెట్టెలో ఆ ఒక్క ఫోన్‌తో పాటు మరో 900 వరకు ఫోన్లు దొరికాయి. అవన్నీ హాంకాంగ్ ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాయి. ఏడాదిలో 40,000 దాకా ఫోన్లను చైనాకు తరలించినట్టు అనుమానిస్తున్న ముఠా అలా బయటపడింది. ఒక చుక్క విలువ అంత. అది చేరవలసిన చోటికి చేరితేనే.

సనహానా, ఎఫ్ఐఆరా?

ఇక పోలీస్ స్టేషన్. జార్ఖండ్, బీహార్ ఠాణాల్లో "సనహా" అనే మాట వినిపిస్తుంది. స్టేషన్ డైరీలో రాసుకునే నమోదు అది. ఫోన్ పోయిందని వెళితే చాలాసార్లు చేతికొచ్చేది సనహా కాగితమే. "ఎక్కడో పడిపోయిందని రాయండి, పని తేలిక" అనే సలహా కూడా వినిపిస్తుంది. నిజంగా పడిపోతే అలాగే రాయాలి. దొంగిలించారని తెలిస్తే మాత్రం దొంగిలించారనే రాయాలి. రెండు మాటలకూ చాలా తేడా ఉంది. పోగొట్టుకోవడం నేరం కాదు. కనుక దర్యాప్తు చేయవలసిన అవసరం ఎవరికీ ఉండదు. బీమా ఉంటే కంపెనీ అడిగేది కూడా సాధారణంగా ఎఫ్ఐఆర్ ప్రతినే.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్ కిందికి వస్తుంది. చేతిలోంచి లాక్కుపోవడాన్ని 304వ సెక్షన్ ప్రత్యేక నేరంగా గుర్తించింది. రెంటికీ మూడేళ్ల దాకా జైలు. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా దగ్గరి స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆటో ఎక్కింది టెల్కోలో, దిగింది గోవింద్‌పూర్‌లో, "అక్కడికెళ్లండి" అని తిప్పడానికి చట్టం ఒప్పుకోదు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఫిర్యాదు పంపి మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయవచ్చు. ప్రతి ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే జిల్లా పోలీసు అధికారికి రాతపూర్వకంగా పంపే హక్కు, ఆపైన మెజిస్ట్రేటును ఆశ్రయించే హక్కు అదే సెక్షన్‌లో ఉన్నాయి.

టాటానగర్ నుంచి రాయగడ మీదుగా విజయనగరం వచ్చే రైల్లో ఫోన్ పోతే? 139కి ఫోన్ చేయవచ్చు. ఫోన్లను బ్లాక్ చేసే కేంద్ర వ్యవస్థతో రైల్వే రక్షణ దళం 2025 ఏప్రిల్‌లో చేయి కలిపింది. ఎఫ్ఐఆర్ మాత్రం రైల్వే పోలీసుల దగ్గరే.

పదిహేను అంకెలు

ప్రతి ఫోన్‌కూ 15 అంకెల ఐఎంఇఐ నంబరు ఉంటుంది. రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు నంబర్లు. *#06# నొక్కితే తెర మీద కనిపిస్తాయి. కొన్న పెట్టె మీద, బిల్లు మీద కూడా ఉంటాయి. ఆ నంబరు లేని ఫోన్ల నుంచి కాల్స్ వెళ్లకుండా ప్రభుత్వం 2009 నవంబరు ఆఖరుకే కట్టడి చేసింది. కానీ దొంగిలించిన ఫోన్‌ను దేశంలోని అన్ని నెట్‌వర్కుల్లోనూ ఒకేసారి ఆపే ఏర్పాటు సామాన్యుడికి అందడానికి మరో దశాబ్దం పట్టింది. సీఈఐఆర్ అనే ఆ కేంద్ర రిజిస్టరు 2019 సెప్టెంబరులో మహారాష్ట్ర, గోవాలతో మొదలైంది. 2023 మే 16న ప్రారంభమైన సంచార్ సాథీ పోర్టల్ ద్వారా దేశమంతటికీ వచ్చింది.

పద్ధతి సులువే. పోలీసు ఫిర్యాదు ప్రతి, గుర్తింపు కార్డు, ఐఎంఇఐ నంబరు, పోయిన చోటు, తేదీ, ఉంటే కొన్న బిల్లు ఇచ్చి దరఖాస్తు చేయాలి. ఓటీపీ కోసం పనిచేసే నంబరు కావాలి. డూప్లికేట్ సిమ్ తీసుకున్నాక 24 గంటల పాటు దానికి ఎస్ఎంఎస్‌లు రావు. అది లోపం కాదు. మీ పేరుతో మరొకడు సిమ్ తీసుకుని ఓటీపీలు కొట్టేయకుండా పెట్టిన జాగ్రత్త. దరఖాస్తు అందాక ఒక రిక్వెస్ట్ ఐడీ వస్తుంది. దాన్ని భద్రపరచుకోవాలి. ఫోన్ దొరికాక మళ్లీ వాడుకోవాలంటే ఆ నంబరుతోనే బ్లాకు తొలగించాలి. అది మరచి, దొరికిన ఫోన్ పనిచేయడం లేదని మెకానిక్ చుట్టూ తిరగకూడదు.

"బ్లాక్ చేస్తే మరి పోలీసులు ఎలా పట్టుకుంటారు?" అనే సందేహం చాలామందిది. బ్లాక్ చేసినా జాడ తీయడానికి అడ్డు ఉండదు. ఎవరైనా ఆ ఫోన్‌లో సిమ్ వేసినప్పుడు సమాచారం పోలీసులకు చేరుతుంది. పట్టుకోవడం మాత్రం మనుషులు చేయవలసిన పని. ఆ పని చేసిన చోట ఫలితాలూ కనిపిస్తున్నాయి. 2023 ఏప్రిల్‌లోనే దీన్ని వాడటం మొదలుపెట్టిన తెలంగాణ, కర్ణాటకతో పాటు, లక్షకు పైగా ఫోన్లను స్వాధీనం చేసుకున్న రాష్ట్రంగా 2025 నవంబరులో కేంద్రం ప్రకటించిన లెక్కల్లో నిలిచింది. ఆ ఏడాది అక్టోబరులో దేశమంతటా దొరికినవి 50,000 పైనే.

సంచార్ సాథీ యాప్‌ను ప్రతి కొత్త ఫోన్‌లో ముందే పెట్టాలన్న ఆదేశం మీద 2025 చివర్లో పెద్ద దుమారమే రేగింది. ఫోన్ మీద ప్రభుత్వం కన్ను పడుతుందన్న విమర్శలతో డిసెంబరు 3న ఆ ఆదేశాన్ని ఉపసంహరించారు. ఆ సందేహం ఉన్నవారు యాప్ జోలికి పోనక్కరలేదు. ఫోన్ బ్లాక్ చేయడానికి వెబ్‌సైట్ చాలు.

పోయిన ఫోన్ ఎక్కడికి వెళుతుంది?

ఈ రిజిస్టరు దేశం సరిహద్దు దాటిన ఫోన్‌ను ఆపలేదు. విడిభాగాలుగా విప్పిన ఫోన్‌నూ ఆపలేదు. దొంగలకు ఇది బాగా తెలుసు. జార్ఖండ్‌లోనే సాహిబ్‌గంజ్ జిల్లా తీన్‌పహాడ్ పేరు అనేక రాష్ట్రాల ఫోన్ దొంగతనాల కేసుల్లో వినిపించింది. సంతల్లో, రద్దీలో జేబులు కొట్టడానికి చిన్నపిల్లలను వాడుకున్న కేసులవి. ఆ ఫోన్లు కొన్ని బెంగాల్ మీదుగా బంగ్లాదేశ్ చేరుతున్నాయని పోలీసులు చెప్పేవారు. హైదరాబాద్‌లో 2024లో పట్టుబడిన ముఠాలో 17 మంది ఉంటే వారిలో ఐదుగురు సూడాన్ దేశస్థులు. స్వాధీనమైన ఫోన్లు 700 పైచిలుకు.

ఐఎంఇఐ నంబరును మార్చేయడం మరో దారి. బ్రిటన్ 2002లోనే దాన్ని నేరంగా ప్రకటించింది. మన దేశంలో 2017లో నియమాలు వచ్చాయి. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా అంటోంది.

అయితే దొంగ సరుకుకు గిరాకీ తెచ్చేది దొంగ ఒక్కడే కాదు. "బిల్లు లేదు గానీ సగం ధరకే ఇస్తా" అంటే సంతోషంగా తీసుకునే మర్యాదస్తులు కూడా. తెలిసి కొంటే 317వ సెక్షన్ కింద అదీ నేరమే. తెలియక కొన్నా ఒకరోజు పోలీసుల నుంచి ఫోన్ వస్తుంది. ఫోనూ పోతుంది, ఇచ్చిన డబ్బూ పోతుంది. పాత ఫోన్ కొనేముందు కేవైఎం అని టైపు చేసి, ఖాళీ వదిలి, 15 అంకెలు కొట్టి 14422కి మెసేజ్ పంపితే అది బ్లాకైన ఫోనో కాదో తెలిసిపోతుంది. ఆ మెసేజ్ పంపుతుంటే అమ్మేవాడి మొహం ఎలా మారుతుందో గమనిస్తే సగం సమాధానం అక్కడే దొరుకుతుంది.

ఇంకో జాగ్రత్త. ఫోన్ పోయిన కొన్నాళ్లకు "మీ ఫోన్ దొరికింది, ఈ లింకులో చూడండి" అని మెసేజ్ రావచ్చు. పంపింది చాలావరకు దాన్ని దొంగిలించిన ముఠాయే. లింకులో పాస్‌వర్డ్ కొడితే, అప్పటిదాకా ఇటుకరాయిలా ఉన్న ఫోన్ వాళ్ల చేతిలో ప్రాణం పోసుకుంటుంది. ఆశను ఎరగా వేసే ఈ రెండో దొంగతనానికి మొదటిసారి మోసపోనివారు కూడా చిక్కుతారు.

ఈ రాత్రే పది నిమిషాలు

చేయవలసినదంతా నిజానికి ఫోన్ జేబులో ఉన్నప్పుడే చేయాలి. ఐఎంఇఐ నంబర్లు, బ్యాంకు హెల్ప్‌లైన్, సిమ్ కంపెనీ నంబరు, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాయాలి. ఫోన్‌లో కాదు, కాగితం మీద. భార్య నంబరు కూడా కంఠతా రాని కాలమిది. కవర్‌లోంచి ఏటీఎం కార్డు, ఆధార్ జిరాక్స్ తీసేయాలి. తెర లాకై ఉన్నప్పుడు మెసేజ్‌లు కనిపించకుండా చేయాలి. లేకపోతే ఓటీపీ చదవడానికి ఫోన్ తెరవనక్కరలేదు.

సిమ్‌కు కూడా పిన్ పెట్టుకోవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. పెడితే ఆ సిమ్ వేరే ఫోన్‌లో వేసిన వెంటనే పిన్ అడుగుతుంది. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ బిగుసుకుపోతుంది. అప్పుడు కంపెనీ ఇచ్చే పీయూకే నంబరు కావాలి. అదీ పదిసార్లు తప్పితే సిమ్ పనికిరాదు. కనుక కంపెనీ మొదట ఇచ్చిన పిన్ ఏమిటో కనుక్కోకుండా ఊహించి కొట్టకూడదు.

చివరిగా, ఫొటోలు. పోయిన డబ్బుకు బ్యాంకు ఉంది. సిమ్‌కు డూప్లికేట్ ఉంది. ఫోన్‌కు పోలీసులు, సీఈఐఆర్ ఉన్నాయి. ఆ పెద్దాయన రాత్రి నిద్రపోనిది వీటి గురించి కాకపోవచ్చు. చనిపోయిన భార్య వాట్సాప్‌లో పంపిన మాటలు, మనవడు మొదటి అడుగు వేసిన వీడియో. వాటికి ఏ హెల్ప్‌లైనూ లేదు. ఏ సెక్షనూ వాటిని తిరిగి ఇవ్వదు. మరోచోట ఒక కాపీ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

సెలవులకు వచ్చిన కొడుకు తండ్రికి కొత్త ఫోన్ కొనివ్వడం మామూలే. దాంతో పాటు ఒక ఆదివారం సాయంత్రం పక్కన కూర్చుని ఆ ఫొటోలు ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, గోడ క్యాలెండర్ వెనుక పదిహేను అంకెలు రాసిపెట్టి వెళితే, ఇచ్చిన ఫోన్ కన్నా అదే ఎక్కువ కాలం పనికొస్తుంది.